కొసరు

ఓస్త్రావాలో సముద్రం లేదు.
బొగ్గుంది, మూసేసిన గనులున్నాయి.
మా కింది అంతస్తులో బోహుమీర్ తాత ఇంట్లో మాత్రం
మూడొందల లీటర్ల ఉప్పునీళ్లున్నాయి.

ముప్పయ్యొక్క ఏళ్లు గని క్యాంటీన్‌లో గరిటె పట్టిన చెయ్యి అది.
షిఫ్టు దిగి, కళ్లు తప్ప అంతా నల్లగా వచ్చినవాడి పళ్లెంలో
వద్దన్నా మరో ముద్ద పడేసిన చెయ్యి.
దానికిప్పుడు
రెండు క్లౌన్ చేపలు, ఓ పసుపు టాంగ్, ఒక రొయ్య,
కొమ్మలు కొమ్మలుగా పగడాలు.

గాజు దగ్గరికొచ్చి నోళ్లు తెరుస్తాయవి.
"ఆకలి యిత్కా, చూడు, ఆకలి."
చేపకి నోరు మూయడం రాదు తాతా,
ఊపిరి కూడా దాంతోనే తీసుకుంటుంది
అన్నాను. వినలేదు.

మొదట గాజుకి గోధుమరంగు పొర.
తర్వాత రాళ్లకి పచ్చటి వెంట్రుకలు.
ఆగస్టుకల్లా పగడాల మెడదాకా గడ్డం.
టూత్‌బ్రష్‌తో రుద్దాడు. నత్తల్ని తెచ్చాడు, పన్నెండు.
నత్తలు తిన్నాయి.
తిన్నవన్నీ చేసే పనే అవీ చేశాయి.

నాది ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం.
పగలంతా ఊళ్లోవాళ్ల చక్కెర, కొవ్వు, ఉప్పు లెక్కపెట్టి
సాయంత్రం బూట్లు విప్పకుండానే
అతని గాజుగొట్టంలో ఐదు మిల్లీలీటర్లు,
ఒక చెంచా పొడి, నిమిషం కుదుపు,
పది నిమిషాలు మౌనం.
నీళ్లు గులాబీ రంగెక్కాయి, ఇంకా ఎక్కాయి,
అట్ట మీది గళ్లన్నీ దాటుకుంటూ
బీట్‌రూట్ దగ్గర ఆగాయి.
నైట్రేటు ఎనభై.
"ఇదే మనిషైతే ఈ రాత్రికే మంచం ఎక్కించేవాళ్లం."

వేసింది ఎక్కడికీ పోదు తాతా.
నదికి కిందూరుంది, సముద్రానికి లోతుంది,
నీ పెట్టెకి నాలుగు గోడలే.
చేప తిననిదీ కుళ్లుతుంది, తిన్నదీ కుళ్లుతుంది.
ప్రేమగా వేశావని నీళ్లకి తెలియదు.

మొండిమనిషి మారినా మొండిగానే మారతాడు.
స్కిమ్మర్ కొన్నాడు. రాత్రంతా బుడబుడ.
తెల్లారేసరికి దాని గిన్నెలో డికాక్షన్ రంగు నీళ్లు,
వాసన మాత్రం చేపలరేవుది.
గర్వంగా నా ముక్కు కిందికి తెచ్చాడు
ఒకప్పుడు పులుసు రుచి చూపించినట్టు.
శనివారం శనివారం నలభై లీటర్లు తోడాడు, నలభై పోశాడు.
కింది తొట్టిలో రాత్రిదీపం పెట్టి నాచు పెంచి
పెరిగినదాన్ని పిడికిళ్లతో పీకాడు.
ఫాస్ఫేటు పీల్చే తుప్పురంగు గుళికలు వేశాడు.
చేపలకి రోజు విడిచి రోజు, వేలిగోరంత.
కాలెండర్‌లో అంకెలు మెట్లు దిగాయి
ఎనభై, నలభై, పన్నెండు, మూడు,
డిసెంబరు తొమ్మిదిన సున్నా.
సున్నా చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో ఇంకో సున్నా.

ఆ వారమే పగడాలు వెలవెలబోయాయి.
ఊదారంగు కొమ్మ కొస
సున్నం కొట్టిన గోడైంది.
ఇసుక మీద ఎవరూ పిలవని జిగురు,
బుడగలు పట్టుకున్న గోధుమ చీమిడి.
"అంతా శుభ్రం చేశానే!"
చేశాడు. నీళ్లు మెరుస్తున్నాయి,
సామాను ఎత్తేసిన ఇంట్లో నేలలా.

అప్పుడు చెప్పాల్సొచ్చింది:
మా దగ్గరికి చక్కెర ఎక్కువైనవాళ్లు నడిచొస్తారు,
తక్కువైనవాళ్లని మోసుకొస్తారు.
సున్నా ఆరోగ్యం కాదు తాతా.

మోకాళ్ల మీద అరచేతులు బోర్లించి
చాలాసేపు కూర్చున్నాడు.
తర్వాత జ్వరంమందుతో వచ్చిన ప్లాస్టిక్ చెంచా వెతికాడు.
గడ్డకట్టిన మేతని కప్పులో కరిగించి, వడగట్టి,
రసం సింకులో పారబోసి,
చెంచాలో సగం.
ఆగాడు. తినేదాకా చూశాడు.
మళ్లీ సగం.
ముప్పయ్యొక్క ఏళ్లలో తినేవాడి మొహం చూసే తీరిక
ఎప్పుడూ లేదట. వరస పెద్దదట.

ఫిబ్రవరి. నైట్రేటు ఐదు.
ఊదా కొమ్మకి రంగింకా రాలేదు,
వస్తుందని నేను మాటా ఇవ్వలేదు.
రాళ్ల సందున ఒక పచ్చ కుచ్చు మిగిలింది,
నత్త కోసం వదిలాడు.

నిన్న నాకు వెల్లుల్లి సూపు పోశాడు.
నిండుగా ఒక గరిటె.
రెండోది గిన్నె మీదికొచ్చి
గాల్లో ఆగింది.
"చాలా?"
జన్మలో అడగని మాట.
చాలన్నాను.

బయట మంచు, పన్నెండు గంటల డ్యూటీ,
నిజం చెప్పాలంటే
ఇంకో గరిటె పట్టేది.