మేత పద్దు

మధ్యాహ్నం రెండున్నర. పాలకొల్లులో
కాలవ నీళ్లు కూడా ఓ కునుకు తీసే వేళ.
డైనింగ్ టేబులు తుడిచి,
రొయ్యల మేత బిల్లులు నెలవారీగా పేర్చి,
ఫ్యాను గాలికి ఎగరకుండా
నెలకో నిమ్మకాయ బరువు పెట్టి
పెన్ను మూత తీశాను.
సోమవారం ఆడిటరు గారికి లెక్క అప్పజెప్పాలి.

పన్నెండు వేల ఆరొందలు,
తొమ్మిది వేల నాలుగొందల ఎనభై...
"అమ్మాయ్, నా కళ్లజోడు చూసేవా?"
కళ్లజోడు లేకుండా కళ్లజోడు
ఎలా వెతుక్కుంటారులే పాపం, లేచాను.
దేవుడి గూట్లో లేదు, దిండు కింద లేదు.
ఫ్రిజ్‌లో ఉంది, కొత్తిమీర కట్ట పక్కన,
మంచు పట్టి,
తనకే ఏమీ కనపడనట్టు.

పన్నెండు వేల ఆరొందలు...
చెరువు గట్టు మీంచి మా ఆయన ఫోను.
"ఏం చేత్తన్నావ్?"
"లెక్కలు."
"అయితే చేసుకో, నేను మధ్యలో రాను"
అని పావుగంట మధ్యలోనే ఉన్నారు.
మూడో చెరువులో ఏరియేటరు మూలుగుతోందిట,
కౌంటు నలభైకి రావాలంటే ఇంకో వారమట,
కొంగలు వరసగా నిలబడి
తనకేసే చూసి నవ్వుతున్నాయిట.
"ఇంతకీ ట్యాంకు నిండిందేమో చూడు."
నిండడమా! మెట్లు దిగి, వీధి దాటి
వెంకాయమ్మ గారి ముగ్గుని పలకరిస్తోంది.

పన్నెండు వేల...
"ఆయ్, గ్యాసండీ! ఓటీపీ చెప్పాలండీ!"
అంకెలు చేతికందిన కాగితం మీదే గీకేసి
గుమ్మంలోకి పరిగెత్తాను.
అంతలో మా అమ్మాయి మేడ మీంచి,
వీధంతా వినపడేట్టు:
"అమ్మా! మౌనం గొప్పతనం మీద
పది వాక్యాలు చెప్పు!"
రెండు చెప్పాను. మిగతా ఎనిమిదీ
పళ్ల మధ్య పెట్టుకున్నాను.

మా మరిది పేర్రాజు మంచి పిల్లాడు.
ఎవరి పనికీ అడ్డు రాడు.
చప్పుడు చెయ్యకుండా వచ్చి,
జూన్ నెల మీది నిమ్మకాయ తీసి
సోడాలో పిండుకున్నాడు.
జూన్ లేచింది.
కొంత సోఫా కిందకి, కొంత పెరట్లోకి,
ఒక బిల్లు మాత్రం సరాసరి సాంబారులోకి.
"వదినా, ఉప్పెక్కడ?" అన్నాడు
పాపం, దాహం మీదున్నవాడు.

చీకటి పడేసరికి మూడుసార్లు కూడాను,
మూడు మొత్తాలొచ్చాయి.
వాటిల్లో కాస్త పెద్దమనిషిలా కనపడిన దాని కింద
రెండు గీతలు గీసి పడుకున్నాను.

సోమవారం. ఆడిటరు భాస్కరం గారి ముందు గది.
ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరని చెప్తారు.
"మే నెలలో నాలుగు వేల ఏడొందల పంతొమ్మిది.
ఏ కంపెనీ మేతండీ ఇది?"
"అది గ్యాస్ ఓటీపీ అండీ."
"ఊఁ. కింద, 'అత్తయ్య గారి కళ్లజోడు, ఫ్రిజ్‌లో'.
ఇది ఖర్చా, ఆస్తా?"
"తరుగుదల కింద వేసుకోండి."
"జూన్ బిల్లు పసుపుగా ఉంది. వాసన కూడా..."
"ములక్కాడలండీ."

పెన్సిలు చెక్కుకుని, పెదాలు కదుపుతూ
తనే కూడడం మొదలుపెట్టారు.
గోడ గడియారం, పెన్సిలు, ఇంకేమీ లేదు.
ఇల్లంటే ఇలా ఉండాలి అనుకున్నాను,
కుళ్లు దాచుకోకుండా.
మూడో పేజీ. నాలుగో పేజీ.
చివరి బిల్లు మీద వేలు పెట్టారు.

"ఏవండోయ్! ఇంగువ డబ్బా ఎక్కడ తగలేశారు?"

పెన్సిలు ఆగింది.
కళ్లజోడు మీంచి ఆయన నన్ను చూశారు.
నేను మర్యాదగా క్యాలెండరు వైపు చూశాను.
"అటక మీద చూడవే!" అని కేకేసి,
వేలు తడి చేసుకుని,
ఒక్కొక్క పేజీ వెనక్కి తిప్పుకుంటూ
మొదటి దాని దగ్గర ఆగి
గొంతు సవరించుకున్నారు.

"పన్నెండు వేల ఆరొందలండీ,"
మెల్లిగా అందించాను.