అర బకెట్టు

తొడుగులు వేసుకుంటే ఫిల్ము వయసు చేతికి తెలియదు.
అంచుల్ని ఒట్టి వేళ్లతోనే పట్టుకుంటాను.

ఫారో దీవుల్లో జూన్ రాత్రి,
రాత్రి అనడమే గానీ
పదకొండు దాటినా కిటికీ తెల్లగానే ఉంది.
స్కానరుకి అది గిట్టదు. కంబళి కట్టాను.

ఆరు నెగటివ్‌లు. యాభై తొమ్మిదిలో మా రేవు.
హైనీ అనే తపాలా బంట్రోతు
మూడుకాళ్ల స్టాండు మీద కెమెరాని
ఎడమ నుంచి కుడికి ఆరుసార్లు తిప్పాడట.

గాజు మీద రెండు చుక్కల నూనె, దాని మీద ఫిల్ము,
బుడగ మిగలకుండా బొటనవేలితో ఒత్తి
అంగుళానికి నాలుగు వేల చుక్కలు.

దుమ్ముకే మూడు రోజులు పట్టింది.
ఆకాశంలో కనపడిన నలుసునల్లా చెరిపాను.
కొండకొమ్ము దగ్గర ఒకదాన్ని చెరపబోయి
పెద్దది చేసి చూద్దును కదా, రెక్కలున్నాయి!
అప్పటికి ఎన్ని పిట్టల్ని చంపానో.
మళ్లీ మొదటికి వెళ్లాను.

తర్వాత కుట్టు.
చర్చి గోడ మీద చర్చి గోడ,
గడ్డి కప్పు మీద అదే గడ్డి కప్పు,
ఎండుచేపల దండెం మీద ఎండుచేపల దండెం.
కదలనివన్నీ బుద్ధిగా కుదిరాయి.
నీళ్లు కుదరలేదు.
ఈ ఫ్రేములో లేచిన అల
పక్క ఫ్రేముకల్లా విరిగిపోయింది.
అక్కడ మాత్రం బ్రష్షు పట్టుకుని
నేనే అబద్ధమాడాను.

ఇక ఆ పిల్ల.
ఉప్పు గిడ్డంగి ముందు బకెట్టుతో ఒకసారి,
పడవ దగ్గర ఇంకోసారి,
అలా ఐదు ఫ్రేముల్లో ఐదుగురు, ఒకటే గౌను.
"ఒక్కర్నే ఉంచండి" అంది రేవు కమిటీ,
"జనం తప్పు పడతారు."

బిర్నా వచ్చింది, కర్ర పొడుచుకుంటూ.
తెర దగ్గరికి కుర్చీ జరుపుకుని
చాలాసేపు ఏమీ అనలేదు.
"నాన్న కెమెరా తిప్పినప్పుడల్లా
ఆయన వీపు వెనకనుంచి పరిగెత్తేదాన్ని.
ఆయనకి తెలీదు.
కడిగాక చూసి, ఫిల్ము దండగ చేశావని
రెండు రోజులు మాట్లాడలేదు."

మరి ఆరోదాంట్లో?
"పడ్డాను."

అంచున చూపించింది:
నేల మీద దొర్లుతూ అర బకెట్టు.
వంకర పోయిందని
నేను కత్తిరించేద్దామని గీత గీసుకున్న చోటు.

ఎనిమిది మీటర్ల ప్రింటు,
చేపల ఫ్యాక్టరీ భోజనాల గదిలో.
అతుకులు దొరకవా అని
గోడకి ముక్కు ఆనించి వెతుకుతున్నారు జనం.
అబద్ధమాడిన నీళ్ల ముందు
ఒక్కరూ ఆగలేదు.
ఐదుగురు పిల్లల్ని ఐదుగురనే అనుకున్నారు,
అక్కచెల్లెళ్లేమో అన్నారు.

రబ్బరు బూట్లతో షిఫ్టు దిగి వచ్చినాయన ఒకడు
కుడి చివర చాలాసేపు నిలబడి
సూపు చల్లారిపోతుంటే అడిగాడు,
"ఈ బకెట్టు ఎవరిది?"