వారం ఏ రోజున మొదలు

డిపోల డ్యూటీ చార్టు పెన్సిలుతోటి రాస్తరు.
సారంగపాణి సారు చేతిల రబ్బరుంటది.
నా వారం గా రబ్బరు కింద బతుకుతది.

ఏటూరునాగారం నైటవుట్ చేసొచ్చిన పొద్దున
కండ్లు మండుతుంటె అక్షిత అన్నది:
"అమ్మా, అన్నీ మర్చిపోతున్నవు.
ఫోన్ల ఒక యాప్ ఏసుకో."
నిజమే. కరెంటు బిల్లు మరిచిన.
దాని ఫిజిక్స్ పరీక్ష మరిచిన.
మా అత్త కొమురమ్మ కంటికి డాక్టరు రాసిచ్చిన తారీఖు
టికెట్ల సంచిల నలిగి నలిగి
అంకె పోయి కాయితం మిగిలింది.

మొదటిది తెరవంగనే అడిగింది:
మీ జీవిత లక్ష్యం ఏమిటి?
నేను గప్పటికి పండ్లు గూడ తోముకోలే.

రెండోది చక్కదనాల చుక్క.
రోజుకో రంగు, ఎనుక మంచుకొండల బొమ్మ.
ఏడు రోజులు ఉచితం అన్నది.
పొద్దంత జీరో టికెట్లు కొట్టిన వేళ్లు నాయి,
కిందికి జరిపి చూసిన, ఎనిమిదోనాటి ధర.
స్టేజీ వచ్చింది, దిగు అన్న.

మూడోదానికి మర్యాద తెలువది.
రాత్రి పదకొండింటికి గంట కొట్టి
"ఈ రోజు నాలుగు పనులు మిగిల్చారు" అంటది.
నా మొగడే అనడు గా మాట.

నాలుగోదానికి రోజూ తెలుసు, వారం వారం తెలుసు,
వచ్చినప్పుడు వచ్చే నల్లా తెలువది.

ఐదోది ఏం మాట్లాడలే.
కొత్త పలక లెక్క తెల్లగున్నది.
ఒక్కటే అడిగింది:
వారం ఏ రోజున మొదలు?

బొటనవేలు ఆగిపోయింది.
అక్షితకు సోమారం, ఆరున్నరకు కాలేజీ బస్సు.
ఆయనకు సుక్కురారం, కోల్డు స్టోరేజీల షిఫ్టు మారే దినం.
అత్తకు ఎప్పటికీ ఐతారమే,
మిగిలిన ఆరు దినాలు దానికాడికి నడిచే తొవ్వ.
నాకు ఈ నెల బుధారం ఆఫ్,
బేస్తారం నాలుగున్నర సర్వీసుతోటి లోకం మొదలు.
వచ్చే నెల సారు రబ్బరు ఏడ తిరుగుతదో.

రెండర్రల పోర్షన్ల
నాలుగు వారాలు నడుస్తున్నయి,
ఎదురెదురుంగ పోయే బస్సులు
లైటు కొట్టుకొని పోయినట్టు.

బేస్తారం నొక్కిన.
అక్షిత పక్కన కూసుండి అందరి పనులు ఎక్కించింది.
నాది నీలం. ఆయనది ఇటుక రంగు.
తనది ఏందో, నాకు నోరు తిరగని పేరు.
"నాకేం రంగొద్దు బిడ్డా, నేను ఇంట్లనే ఉంట"
అన్నది అత్త, కంటికి కొంగు అడ్డం పెట్టుకొని.

అంత నిండినంక తెల్లగ ఒక్క పెట్టె మిగిలింది.
మంగళారం రాత్రి,
ఎనిమిది నలభై నుంచి తొమ్మిది పది.
నలుగురం ఒక్క కప్పు కింద ఉండే అర్ధగంట.
టికెట్టు ఎనుక రాసిచ్చి
ఎవరో తిరిగియ్యని చిల్లర.

"దీనికేం పేరు పెట్టాలె?"
తినుడు, అన్న. కొట్టేసింది.
మాట్లాడుడు, అన్న. నవ్వింది.
ఆఖరుకు "ఖాళీ" అని తనే రాసింది.
పది నిమిషాల ముందు గుర్తు చేయాలా? అన్నది యాప్.
చెయ్యి, అన్నం ఇద్దరం ఒక్కసారే.

మంగళారం.
ములుగు దాటినంక, మల్లంపల్లి ఇవతల
ముందు టైరు కూసున్నది.
డ్రైవర్ ఓదెలు బస్సు కింద దూరిండు.
ఆడోళ్లు రోడ్డు పక్క మూటల మీద కూలబడ్డరు,
ఒకామె పిల్లకు బిస్కెట్టు నీళ్లల్ల ముంచి పెడుతున్నది.
నేను ఫోను లైటు పట్టుకొని నిలబడ్డ.

ఎనిమిది ముప్పైకి
చేతిలనే గల్లున మోగింది:
ఖాళీ. ఇంకా పది నిమిషాలు.

"ఏందక్కా అది?" అన్నడు ఓదెలు కిందికెల్లి.
"ఇంట్ల పనున్నది" అన్న.
"మరి ముందుగాల చెప్పకపోతివి" అనుకుంట
బోల్టు ఇంకింత గట్టిగ తిప్పిండు.