చప్పుడు చెయ్యని చీర

రేపు పదింటికి సాలిగ్రామంలో ట్రాక్.
ఫోను పెట్టేసి బీరువా తెరిచాను.

పట్టుచీర పనికిరాదు, అది నాకంటే ముందే మొదలెడుతుంది.
గంజి పెట్టిన నేతచీరకీ నోరెక్కువే.
ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని నలిపి చూస్తుంటే
మా కుందన నవ్వింది:
"చీరని చూస్తారమ్మా, వినరు."
చివరికి అడుగున దొరికింది వాయిల్ చీర,
ఏడేళ్లుగా ఉతికి ఉతికి
మాట పడిపోయింది దానికి.

గాజులు తీసి సబ్బుపెట్టెలో వేశాను.
సూత్రాలు రెండూ ఒకదానికొకటి తగలకుండా
మధ్యలో దూది పెట్టి దారం చుట్టాను.
ఇన్నేళ్ల కాపురంలో
ఈ మాత్రం ఎడం ఎప్పుడూ కుదర్లేదు.

సాయంత్రం వడపళనిలో నాటుమందుల కొట్టుకెళ్లి
పది రూపాయల అతిమధురం వేరు.
పేరుకే. నమిలితే ముందు మట్టి,
ఎప్పటికో, మర్చిపోయాక, తీపి.
పెరుగు లేదు. చల్లనీళ్లు లేవు.
గుమ్మంలో ఎళిలరసితో కబుర్లూ లేవు.
గొంతు బాలేదా అని సైగ చేసింది.
బావుంది, అందుకే, అని ఎలా సైగ చెయ్యాలో తెలీక
తలుపు దగ్గరగా వేశాను.

పాట వాట్సాపులో వచ్చింది.
తమిళంలో కట్టిన బాణీ, దాని కొలతకి కుట్టిన తెలుగు.
రెండో చరణంలో చంక దగ్గర బిగుతు:
రెండక్షరాల చోటులో వెన్నెలంతా పట్టాలట.
కుక్కరు విజిలుకీ విజిలుకీ మధ్య
ఊపిరి దాచుకోవడం సాధన చేశాను.

కాగితం మీద రాసుకుంటే పట్టుకున్నా గలగలమంటుంది.
మేకుకి వేలాడుతున్న శుభలేఖ తీశాను, దళసరి అట్ట.
ముందువైపు ఎవరివో పేర్లు, బంగారు రంగులో.
వెనకవైపు పెన్సిలుతో పల్లవి.
ఊపిరి తీసుకునే చోట చిన్న చుక్క.

నాది కాదులెండి పాట.
ముంబై నుంచి పెద్దావిడ దిగేదాకా
పరుగుపందేనికి ముందు
మైదానంలో సున్నపుగీత గీసేదాన్ని.
ఆవిడ నా గొంతు చెవుల్లో పెట్టుకుని నేర్చుకుంటుంది,
తర్వాత దాన్ని తుడిచేస్తారు.
పదకొండేళ్లలో నూట అరవై తుడిచారు.
డబ్బు మాత్రం ఏనాడూ ఎగ్గొట్టలేదు, ఆ మాట చెప్పుకోవాలి.

పొద్దున రెండిడ్లీలు.
ఒకటైతే కడుపు మూలుగుతుంది, మైకు దాన్నీ వింటుంది.
మూడైతే పైషడ్జం అందదు.
వాన. షేర్ ఆటోలో మెడకి తువ్వాలు చుట్టుకుని
హారన్లన్నిటినీ శ్రుతితో సహా భరించి దిగాను.
చెప్పులు గుమ్మం బయట. గడియారం, తాళాలు బల్లమీద.
గాజుగదిలో ఒకసారి అటూ ఇటూ కదిలి చూసుకున్నాను,
నా మీద ఇంకే చప్పుడైనా మిగిలిందా అని.

అద్దానికవతల ఇన్బరసు చెయ్యెత్తాడు:
"లెవెల్ చూడాలక్కా, ఏదన్నా మాట్లాడండి."
అందరూ ఒకటి, రెండు, మూడు అంటారు.
నేను నోటికొచ్చింది చెప్పాను:
ఆవిన్ పాలు అర లీటరు, నిన్నటిది బాకీ.
కుందన ఫీజు పదిహేనో తారీకు లోపల.
మేడమీద దుప్పటి ఆరేసొచ్చాను, ఈపాటికి నానిపోయుంటుంది.
మోటారు ఆపానా?
ఆపాననే అనుకుంటున్నాను.

తెరమీద పచ్చగీతలు లేచి పడుతున్నాయి.
అతనికి తెలుగు రాదు.
"చాలా బావుందక్కా" అన్నాడు,
"ఇదే గొంతుతో పాడండి."

ఎర్రదీపం వెలిగింది.
చుక్క ఉన్న చోటికి ఇంకా నాలుగు మాటలుంది.