అథర్

ఇక్కడ దీన్ని వాదీ అంటరు.
మన లెక్కల వాగే,
కాని నీళ్లుండవు. గుండ్లుంటయి,
కోడెల వీపులంత గుండ్లు,
రాత్రి పదయినా సల్లారనివి.

సమాయిల్ కాడ ఖర్జూర తోట నాది.
అంటే, కావలి నాది, చెట్లెక్కుడు నాది,
మాఘంల మగపూల రెబ్బ తెచ్చి
ఆడగెల నడుమ జొనిపి నార కట్టుడు నాది.
పండు అర్బాబుది.

కొండ కడుపుల నుంచి సన్నగ ఒక కాలువ వస్తది,
ఫలజ్ అంటరు.
సులేమాన్ నబీ పదే రోజులల్ల
జిన్నులతోని వెయ్యి తవ్విచ్చిండంట.
ఈ కత చెప్పి ఖల్ఫాన్ ముసలాయన
అరచేతుల కాయలు సూపిచ్చి నవ్విండు:
"జిన్నులు పూడిక తియ్యయి కద!"

మా తాత నాంపెల్లి నీరటికాడు.
పార ఆయన చేతిల ఉండేది,
మాట దొరది.

ఇక్కడ నీళ్లకు గంటలు లేవు, అథర్లున్నయి.
ఒక అథరంటే అర్ధగంట, జరంత అటిటు.
పగలు పాతిన కట్టె నీడతోని కొలుస్తరు,
రాత్రి సుక్కలతోని.
రెండు అథర్లు మసీదుకు,
ఒకటి మొగడు లేని జువైనాకు,
సగం, జంజిబార్ పోయి మళ్ల రానోనికి.
డెబ్బయేండ్లాయె,
ఆ సగం ఇంకా ఆయన పేరు మీదనే పారుతది.

నేను అడ్డం పెట్టిన రాయి తీస్త, గుడ్డపేలిక పీకుత.
నా పేరు మీద సుక్క లేదు.

మొన్న ఫోన్ల తమ్ముడు చెప్పిండు,
మన వాగుల ఇసుక ఒడిసిందని,
అడుగు బండ తేలిందని,
ట్రాక్టర్లు పక్కూరికి మళ్లినయని.
వింటనే వింటనే ఈ గుండ్ల దిక్కు సూసిన.

ఈ రాత్రి మన వంతు ఎప్పుడంటే
ఖల్ఫాన్ తూర్పు గుట్ట సూపిచ్చి
"థురయ్యా" అన్నడు.
గుట్ట సందుల నుంచి మెల్లగ లేసింది
మా పిల్లలకోడి.
పిల్లలు ఆరా, ఏడా?
చిన్నప్పుడు తాతతోని ఇదే పంచాది.

రాయి తీసిన.
నిమ్మ పాదు దాటి, గడ్డి మడి దాటి
నీళ్లు వచ్చి కాళ్లకు తాకినయి.
చెప్పులిడిసి, పార మీద బరువేసి నిలవడ్డ.
ఎవలన్న సూస్తే
నేనే నీరటికాన్నని అనుకుందురు.

కోడి గుట్ట మీద నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కింది.
రాయి మళ్ల పెట్టిన.
జువైనా వంతు.