లోపల ఉన్నావు

వంటింటి త్రాసు మీద ముందు జెనిత్ పెట్టాను.
ముల్లు వణికి, కిలో దగ్గర ఆగింది.
ఇనుమే అది, మొహమాటం లేని ఇనుము.
తీసి డిజిటల్ పెట్టాను: అందులో సగం.
ఛార్జరూ, వైరూ, మూడు బ్యాటరీలూ చేర్చాక
మళ్లీ కిలో.
త్రాసుకు తీర్పు చెప్పే ఉద్దేశం లేదు.

తెల్లారితే నారిన్ బస్సు.
అక్కణ్ణుంచి సోన్‌కుల్ సరస్సు మేతబీళ్ల దాకా
ఎవరి జీపు దొరికితే వాళ్ల జీపు.
నేను పశువుల డాక్టర్ని.
సంచిలో ముందు సూదులు, తర్వాత నులిపురుగుల మందు,
తర్వాత ఉన్ని మేజోళ్లు.
ఫోటోలకు మిగిలేది ఒక్క మూల.
ఆ మూల కోసం ఏటా ఈ రాత్రి
నాతో నాకే జగడం.

డిజిటల్ పక్షాన చెప్పాల్సింది చెప్పాలి.
మూడేళ్ల కిందట ఒక ఆడగుర్రం గిట్ట చీము పట్టింది.
ఫోటో తీసి, గుట్టెక్కి, సిగ్నల్ పట్టి పంపితే
బిష్కెక్ నుంచి మా ప్రొఫెసరమ్మ గంటలో మందు చెప్పింది.
గుర్రం బతికింది.
అదే ఫిల్ము మీద తీసి ఉంటే
ఫోటో ఆరేలోపు
దాని తోలు ఆరేది.

కానీ చలి.
అంత ఎత్తున ఆగస్టులోనూ మంచు రాలుతుంది.
బ్యాటరీలు రాత్రంతా నా చంకలో వెచ్చగా పడుకుని
పొద్దున్నే మొరాయిస్తాయి.
జెనిత్‌కు బ్యాటరీ అక్కర్లేదు.
ముప్పై ఆరు మెతుకులు పెడితే చాలు,
ముప్పై ఏడోది నోట్లో కుక్కినా తినదు.
దాని రీళ్లు మంచుపెట్టెలో
గొర్రెల వ్యాక్సీన్ పక్కన ప్రయాణం చేస్తాయి.

నిరుడు
బురుల్చా గుర్రప్పాలు పితుకుతుంటే
కెమెరా ఎత్తాను, దించాను, మళ్లీ ఎత్తాను.
"తీస్తావా, ఈ పాలు పులిసి కుమిస్ అయ్యేదాకా చూస్తావా?" అంది ముసలమ్మ.
ఏం చెప్పను,
పదకొండే మిగిలాయి.

అంతకు కాసేపటి ముందే ఆమె మనవణ్ణి తీశాను.
ఎసెన్, ఆరేళ్లు,
మెడ చుట్టూ శాలువాలా గొర్రెపిల్ల.
క్లిక్ మనగానే నా వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.
వాడు చూసిన కెమెరాలన్నిట్లో మనుషులు వెనక ఉంటారు.
దీని వెనక నల్లతోలు, అంతే.
"లోపల ఉన్నావు" అన్నాను.
పెద్దవాళ్లం ఇలాంటివి ఎంత తేలిగ్గా అనేస్తామో.

నేను యాక్‌కు సూది గుచ్చుతున్నాను.
వాడు నా సంచి పక్కన గొంతుక్కూర్చుని
గొళ్లెం పైకి లాగి
తలుపు తెరిచాడు,
తనను తాను వెతుక్కోడానికి.
ఎండ ఒక్క దూకు దూకింది లోపలికి.
వాడికి దొరికింది పాలిపోయిన నాడా ఒకటి.
"నేను లేను" అన్నాడు.
ఏడవలేదు. అబద్ధాలకోరును చూసినట్టు
నా వంక చూశాడు.

నేలమాళిగలో ఫిల్ము కడిగే గెన్నాదీ
తడిచేతులతో రీలు దీపానికి పట్టి చెప్పాడు:
మొదట తీసినవి బతికాయి.
చివరి నాలుగూ పోయాయి.
ఆ నాలుగూ బురుల్చావే.
పిల్లాడి మీద చుట్టుకుని ఉండి
వచ్చిన ఎండ వచ్చినట్టు తాగేశాయి.
వాడికి చెవి దాకా మాత్రం నారింజ మంట.
గొర్రెపిల్ల కాళ్లు నాలుగూ స్పష్టం.
"చెడిపోయింది, పారెయ్యనా?"
అచ్చు వెయ్యమన్నాను.

అదే ప్రయాణంలో డిజిటల్‌తో తీసినవి పద్నాలుగు వందలు.
ఒక్కటీ కాగితం మొహం చూడలేదు.

అచ్చువేసిన ఫోటోను కవరులో పెట్టి
కవరును త్రాసు మీద పెట్టాను.
ముల్లు కదల్లేదు.

సరే. గిట్టల కోసం డిజిటల్.
జెనిత్ ఖాళీగా వస్తుంది,
రీలు మంచుపెట్టెలోనే ఉంటుంది కాసేపు.
మేజోళ్లు రెండు జతలు తీసేశాను.
బటర్ పేపర్ ముక్క ఒకటి, అగ్గిపెట్టె కంటే చిన్నది, కత్తిరించి పెట్టుకున్నాను.
వెనక తలుపు తీసి, రీలు ఉండాల్సిన చోట అది అంటించి,
షట్టర్ తెరిచి పట్టుకుంటే
అందులో వాళ్ల నాన్నమ్మ, బక్కెట్టూ, గుర్రమూ
తలకిందులుగా నిలబడతాయి.
వాడు చూసుకోవచ్చు ఎంతసేపైనా.

నమ్ముతాడో లేదో.
కాళ్లకు మాత్రం చలి ఖాయం.