కాగిన నీళ్ళు

ఏటా శుభ శుక్రవారం ముందటి రాత్రి
మా లంక చర్చిలో అయ్యగారు
పన్నెండుమంది పెద్దల పాదాలు కడుగుతారు.
కోశాధికారిని గనక నాది మూడో కుర్చీ.
చెప్పకూడదు గానీ
పన్నెండుమందిమీ ఇంటిదగ్గరే
సబ్బుపెట్టి రుద్దుకుని, గోళ్ళు తీసుకుని వస్తాం.
ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు
వచ్చినంత తేటగానూ వెనక్కి వెళ్ళిపోతాయి.

కెజియమ్మ ఎప్పుడూ ఆ వరసలో లేదు.
ఆవిడది చివరి చాప,
చెప్పులు విడిచే చోటుకి దగ్గర.
కొబ్బరిపీచు కొట్టి కొట్టి
వేళ్ళ సందులు ఎర్రబడిన చేతులు.
నా పుస్తకంలో ఆవిడ పేరుకెదురుగా
ఇరవయ్యేళ్ళుగా ఒకటే మాట: పిడికెడు బియ్యం.
అంకె లేని ఆ గడి చూస్తే
విసుగొచ్చేది నాకు.
కూడికకి అడ్డం.

ఆ శ్రావణంలో
ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని
ఫోన్లలో తెలిసేసరికే
వశిష్ఠ మా అరటితోటల్లో నడుస్తోంది.
ఊరంతా ఏటిగట్టెక్కింది.
గేదెలు, మడతమంచాలు, గ్యాసుబండలు,
రాముడి పటం ఒకరి చంకలో,
బైబిలు ఒకరి నెత్తిన.
ఎన్నడూ ఒక కప్పు కింద కూచోనివాళ్ళం
ఒకే టార్పాలిన్ కింద.

మూడు రోజులు బురదలో నాని
అందరి కాళ్ళూ ఒరిసిపోయాయి.
కెజియమ్మ మూడు ఇటుకలు పెట్టి
తడి కొబ్బరిడొక్కలతో పొయ్యి రాజేసింది.
పొగకి కళ్ళు నలుపుకుంటూ
నీళ్ళు కాచింది, పసుపేసింది.
కాగాక, ముందుగా
బుచ్చిసీతయ్యమ్మ గారి ఎదట కూలబడి
ఆ రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుంది.

ఆ పెద్దింటి అరుగు కింద
ఒకప్పుడు కెజియమ్మ దోసిలి పడితే
మూరెడు ఎత్తునుంచి మజ్జిగ పడేది.
నాకు తెలుసు.
పక్క దోసిలి నాదే.

"మళ్ళీ వాళ్ళ కాళ్ళేనా పెద్దమ్మా?"
ఇశ్రాయేలు అరిచాడు, కాలేజీ కుర్రాడు.
గట్టంతా ఒక్కసారి గమ్మునైంది.
వాడడిగింది తప్పని
నేనిప్పటికీ అనలేను.

కెజియమ్మ తలెత్తలేదు.
"ముసలావిడకి పుళ్ళు ఎక్కువున్నాయిరా.
నీళ్ళు చల్లారిపోతాయి.
తర్వాత నువ్వే. కూచో."
సందుల్లో ఒండ్రు తీసి, కొబ్బరినూనె రాసి,
చెంబు సీతయ్యమ్మ గారి చేతికే ఇచ్చింది.
"మీరు పొయ్యండమ్మా, నేను రుద్దుతాను."

ఆవిడ చెయ్యి వణికింది,
వయసో, మరేమిటో.
వంగింది. ఇంకా వంగింది.
చెంబు మూతి ఇశ్రాయేలు మడమకి తగిలేంత
కిందికి వచ్చాక గానీ
నీళ్ళు పడలేదు.
వాడు మొహం తిప్పుకుని ఏటివైపు చూస్తున్నాడు.
కాలు మాత్రం తీసెయ్యలేదు.

నా వంతు వచ్చింది.
"రండి, లెక్కల మాస్టారూ" అంది.
నాకేం ఫర్వాలేదు, పిల్లల సంగతి చూడు, అన్నాను.
పంచె కిందికి లాక్కుని
బురద కప్పుకున్నాను.
ఆ రాత్రి, ఆదివారానికని ఆవిడ డబ్బాలో దాచిన పిడికిళ్ళన్నీ
గంజై అందరి గ్లాసుల్లోకీ వచ్చాయి.
ఉప్పు చాల్లేదు.
ఎవరూ అడగలేదు.

నీళ్ళు తీశాక చర్చి తెరిచాం.
గోడమీద బల్ల ఎత్తున వరద గీత.
నా కానుకల పుస్తకం ఉబ్బిపోయి,
పదివేలవాళ్ళూ, అయిదొందలవాళ్ళూ, పిడికెడావిడా
ఒకే నీలంలో కలిసిపోయారు.
నర్సాపురం వెళ్ళి కొత్తది కొన్నాను,
గట్టి అట్టది.
మొదటి పేజీలో మొదటి గడి
చాలాసేపు ఖాళీగా ఉంచాను.

మొన్న మళ్ళీ ఆ రాత్రి వచ్చింది.
ఈసారి కడుక్కోకుండా వెళ్దామనుకున్నాను.
చేలోంచి వచ్చిన కాళ్ళతోనే బయల్దేరాను.
చర్చి పక్క బోరింగు దాకా వెళ్ళి,
ఎవరైనా చూస్తున్నారేమోనని
అటూ ఇటూ చూసి,
ఒక్క కాలు కడుక్కున్నాను.